సోడా తాగితే నీళ్లు తాగినట్టేనా? కిడ్నీలో రాయి వచ్చిన ఒకాయన కేసు

ముందే చెప్తున్నా, ఈ కేసులో పేరు, ఊరు, ఆఫీసు ఏవీ ఉండవు, వయసు కూడా కాస్త అటూ ఇటూ చేశా. ఆయన సరేనన్నాకే రాస్తున్నా. వింత కేసేమీ కాదు, డైటీషియన్‌గా పనిచేసే ఎవరికైనా ఇలాంటి వాళ్లు తగులుతూనే ఉంటారు. కానీ "ఏది తాగితే లెక్కలోకి వస్తుంది, ఏది రాదు" అనే ప్రశ్న దగ్గర మొదలై వేరే చోట తేలింది, అందుకే వివరంగా రాయాలనిపించింది.

నేపథ్యం

నలభై దాటిన మనిషి, రోజంతా ఏసీలో కుర్చీ పని. షుగర్ లేదు, బీపీ లేదు, బరువు కొంచెం ఎక్కువ. ఒక రాత్రి నడుము పక్కన నొప్పి వచ్చి మెలికలు తిరిగిపోతుంటే ఇంట్లోవాళ్లు ఎమర్జెన్సీకి తీసుకెళ్లారు, స్కాన్‌లో యూరేటర్‌లో, అంటే కిడ్నీ నుంచి యూరిన్ కిందికి దిగే గొట్టంలో, చిన్న రాయి కనిపించింది, కొన్ని రోజులకి అదే పడిపోయింది. ల్యాబ్‌కి పంపితే కాల్షియం ఆక్సలేట్ అని వచ్చింది, ఎక్కువమందిలో కనిపించే రకమే. యూరాలజిస్ట్ ఆయనకి చెప్పింది ఒక్కటే ముక్క: రోజుకి రెండున్నర లీటర్ల యూరిన్ రావాలి.

అది కరెక్టే. అమెరికన్ యూరలాజికల్ అసోసియేషన్ 2014 గైడ్‌లైన్‌లోనూ రాళ్లు వచ్చినవాళ్లకి కనీసం 2.5 లీటర్ల యూరిన్ అనే ఉంటుంది. దీని వెనక గట్టి ఆధారమే ఉంది, 1996లో ఇటలీ నుంచి వచ్చిన ఒక ట్రయల్‌లో మొదటిసారి రాయి వచ్చిన 199 మందిని రెండు గ్రూపులు చేసి అయిదేళ్లు చూశారు, బాగా నీళ్లు తాగినవాళ్లలో 12 శాతం మందికి మళ్లీ రాయి వస్తే, ఏమీ మార్చనివాళ్లలో 27 శాతం మందికి వచ్చింది. మందూ మాత్రా లేకుండా ఇంత తేడా అంటే మాటలు కాదు.

అయితే డాక్టర్ చెప్పింది బయటికి రావాల్సిన యూరిన్ గురించి, ఈయన చెవిన పడింది మాత్రం "మూడు లీటర్ల నీళ్లు తాగాలి" అని. ఇంటికెళ్లగానే ఫోన్‌లో నీళ్ల యాప్ వేసుకున్నారు.

ఏ సమస్యతో వచ్చారంటే

"మేడమ్, నాకు నీళ్లంటే అస్సలు పడదండి, గొంతు దిగవు. సోడా అయితే ఎంతైనా తాగేస్తా, కానీ అది లెక్కలోకి రాదట కదా?"

"ఎవరన్నారండీ?"

"యాప్‌లో దానికి బటనే లేదండి."

నవ్వొచ్చింది కానీ ఆయన సీరియస్‌గానే అడిగారు. యాప్‌లో ఉన్నది నీళ్ల గ్లాసు బొమ్మ ఒక్కటే, కాఫీ, టీ, పాలు, సోడా ఏవీ అందులోకి ఎక్కవు. రాత్రి ఎనిమిదింటికి చూస్తే నాలుగు వందల మిల్లీలీటర్లు చూపిస్తుంది. ఆ ఎర్ర గీత చూసి కంగారుపడి భోజనం అయ్యాక లీటరు, లీటరున్నర గటగటా తాగేసేవారు, దాంతో రాత్రి మూడుసార్లు లేవడం, పొద్దున నిద్ర చాలక మరో కాఫీ, కాఫీ తాగినందుకు మళ్లీ దిగులు, "కాఫీ ఒంట్లో నీళ్లు లాగేస్తుందట కదా" అని దానికి బదులుగా ఇంకో గ్లాసు. కొన్నాళ్లు ఇలా నడిచి విసుగొచ్చి మొత్తం మానేశారు. నా దగ్గరికి వచ్చింది మానేశాకే.

ఇక్కడ నాకు రెండు దారులు కనిపించాయి. ఒకటి, మామూలుగా చెప్పేది చెప్పి పంపడం, పక్కన బాటిల్ పెట్టుకోండి, అలారం పెట్టుకోండి అని. రెండోది, అసలు ఈయన ఎంత తాగుతున్నారో, ఎంత పోస్తున్నారో ముందు తెలుసుకోవడం. రెండోదే ఎంచుకున్నా, ఎందుకంటే నాలుగు వందలు అనేది యాప్ మాట, మనిషి నిజంగా రోజుకి అంతే తాగుతుంటే మొహం చూస్తేనే తెలిసిపోయేది.

మూడు రోజులు నోట్లో పోసుకున్న ప్రతిదీ రాసుకురమ్మన్నా. ఒక మామూలు రోజు ఇలా ఉంది: కాఫీ రెండు కప్పులు కలిపి 300, టీ రెండు కప్పులు 300, రాత్రి పాలు 200, మధ్యాహ్నం కోలా క్యాన్ 330, స్పార్క్లింగ్ వాటర్ 500, ఉత్త నీళ్లు 400. మొత్తం 2030 మిల్లీలీటర్లు. అంటే ఆయన తాగే దాంట్లో అయిదో వంతు మాత్రమే యాప్ చూసింది.

తర్వాత 24 గంటల యూరిన్ టెస్ట్. చేయించుకోనివాళ్ల కోసం చెప్తున్నా, ల్యాబ్‌వాళ్లు పెద్ద ప్లాస్టిక్ క్యాన్ ఇస్తారు, పొద్దున లేవగానే వచ్చేది పారబోసి టైమ్ రాసుకోవాలి, అక్కడి నుంచి మర్నాడు అదే టైమ్‌కి వచ్చేదాకా ప్రతి చుక్కా అందులోనే. చాలామంది మొదటిదాన్నీ పట్టేస్తారు, లేదంటే ఆఫీసులో మొహమాటపడి ఒకటి వదిలేస్తారు. అందుకే రిపోర్ట్ రాగానే నేను ముందు చూసేది వాల్యూమ్ కాదు, క్రియాటినిన్, అంటే కండరాల నుంచి రోజూ దాదాపు ఒకే మోతాదులో యూరిన్‌లోకి వచ్చే వ్యర్థం. ఆ మనిషి బరువుకి ఉండాల్సినంత ఉందంటే పూర్తిగా పట్టినట్టు, బాగా తక్కువుంటే ఎక్కడో పోయినట్టు. ఈయనది సరిగ్గానే ఉంది. వాల్యూమ్ 1.4 లీటర్లు, సోడియం ఎక్కువ, కాల్షియం పైగీతకి దగ్గర్లో, రాళ్లు కట్టకుండా అడ్డుకునే సిట్రేట్ బాగానే ఉంది.

ఇప్పుడు చిత్రం మారింది. ఆయన భయపడినంత తక్కువేం తాగట్లేదు, అలాగని సరిపోయేంతా కాదు. కాఫీ, టీ, సోడా అన్నీ కలిపి లెక్కేసినా యూరిన్ ఇంకా 1.1 లీటర్లు పెరగాలి. "అన్నీ లెక్కలోకి వస్తాయి, హాయిగా ఉండండి" అని పంపేస్తే వినడానికి బాగుండేది, కానీ ఈయనకి అది సగం నిజం మాత్రమే అయ్యేది.

ఏది లెక్కలోకి వస్తుంది, ఎందుకు వస్తుంది

ఆయనకి దీని మీద గంటసేపు చెప్పాల్సి వచ్చింది, దాన్నే ఇక్కడ కుదించి రాస్తున్నా.

సోడా అంటే నీళ్లలో ఒత్తిడితో కార్బన్ డయాక్సైడ్ ఎక్కించడం, అంతే. గ్యాస్ కొంత త్రేన్పుల్లో పోతుంది, కొంత రక్తంలో కలిసి ఊపిరితో పోతుంది. మిగిలినవి నీళ్లే, పేగు వాటిని మామూలు నీళ్లలాగే పీల్చుకుంటుంది. 2016లో బ్రిటన్ పరిశోధకులు 72 మంది మగవాళ్లకి రకరకాల డ్రింకులు లీటరు చొప్పున తాగించి నాలుగు గంటలపాటు యూరిన్ కొలిచారు, స్పార్క్లింగ్ వాటర్‌కీ మామూలు నీళ్లకీ తేడా లేదు. కాఫీ, టీ, కోలా, ఆఖరికి బీరు కూడా నీళ్లకి దగ్గర్లోనే ఉన్నాయి. పాలు, ఓఆర్‌ఎస్ మాత్రం నీళ్లకన్నా ఎక్కువసేపు ఒంట్లో నిలిచాయి, ఎందుకంటే వాటిలో ఉప్పులుంటాయి, పాలలో ప్రొటీన్, కొవ్వు కూడా ఉండటంతో కడుపులోంచి మెల్లగా దిగుతాయి.

కాఫీ సంగతి. కెఫీన్ కిడ్నీలో సోడియం వెనక్కి పీల్చుకోవడాన్ని కాస్త తగ్గిస్తుంది, దాంతోపాటు నీళ్లూ పోతాయి, అది నిజమే. కానీ రోజూ తాగేవాళ్లకి ఒళ్లు అలవాటు పడిపోతుంది. 2014లో వచ్చిన ఒక స్టడీలో కాఫీ అలవాటున్న 50 మంది మగవాళ్లకి మూడు రోజులు రోజుకి 200 మిల్లీలీటర్ల కప్పులు నాలుగు ఇచ్చి, ఇంకో మూడు రోజులు దాని బదులు నీళ్లిచ్చి చూస్తే హైడ్రేషన్ కొలతల్లో తేడా కనపడలేదు. కాబట్టి కాఫీకి బదులుగా ఇంకో గ్లాసు తాగే శిక్ష అక్కర్లేదు.

ఎనిమిది గ్లాసుల లెక్క కూడా అడిగారు. దాని మూలం 1945లో అమెరికా ఫుడ్ అండ్ న్యూట్రిషన్ బోర్డు ఇచ్చిన సిఫార్సు అని చాలామంది చెప్తారు, రోజుకి రెండున్నర లీటర్లు అని. ఆ పక్కనే, ఇందులో చాలా భాగం తినే ఆహారంలోనే ఉంటుందని కూడా రాసుంది, కానీ జనం ఆ వాక్యాన్ని వదిలేసి అంకెని మాత్రం పట్టుకుపోయారు. యూరప్ ఫుడ్ సేఫ్టీ అథారిటీ 2010లో చెప్పిన మగవాళ్లకి 2.5, ఆడవాళ్లకి 2 లీటర్లు కూడా తిండిలో వచ్చే నీళ్లతో కలిపిన లెక్కే. ఇవి ఆరోగ్యంగా ఉన్నవాళ్ల కోసం, రాయి వచ్చిన మనిషికి టార్గెట్ వేరు.

ఆల్కహాల్‌ని మాత్రం నేను ఎవరి లెక్కలోనూ కలపను. పలచటి బీరు ఒకటి నీళ్లలాగే ప్రవర్తించినా, డోసు పెరిగేకొద్దీ ఆల్కహాల్ వాసోప్రెసిన్‌ని, అంటే నీళ్లు పట్టి ఉంచమని కిడ్నీకి చెప్పే హార్మోన్‌ని, అణిచేస్తుంది, కిడ్నీ నీళ్లు వదిలేస్తుంది. పైగా లెక్కలోకి వస్తుందని చెప్తే అది సలహాగా మిగలదు, పర్మిషన్ అయిపోతుంది.

పనిచేయనివి

మొదట ఆయన కోరికే ఒప్పుకున్నా: పెరగాల్సిందంతా స్పార్క్లింగ్ వాటర్‌తోనే. హైడ్రేషన్ పరంగా తేడా లేదు, ఇష్టంగా తాగేది వదిలేసి అయిష్టంగా తాగేది రుద్దితే ఎన్నాళ్లు నడుస్తుంది? ఒకే ఒక షరతు పెట్టా, ఏ బాటిల్ కొన్నా వెనక లేబుల్ ఫోటో తీసి పంపమని.

రెండు వారాల్లో రెండు విషయాలు తేలాయి. ఒకటి కడుపుబ్బరం. రోజుకి లీటరున్నర గ్యాస్ నీళ్లు పోస్తే కడుపు బిగుసుకుపోయి, పుల్లటి త్రేన్పులు, పడుకుంటే ఛాతీలో మంట. కడుపు నిండినట్టు అనిపించి కాఫీ, టీ, పాలు అన్నీ తగ్గించేశారు, చివరికి మొత్తం చూస్తే పెద్దగా పెరిగిందేమీ లేదు. సోడా లెక్కలోకి వస్తుంది, నిజమే, కానీ అది పక్కవాటిని తోసేస్తే లెక్క ముందుకి కదలదు.

రెండోది లేబుళ్లు. ఆయన ఇంట్లో "సోడా" అన్న ఒక్క మాట కింద మూడు వేర్వేరు బాటిళ్లు ఉన్నాయి. ఒకటి సాదా కార్బోనేటెడ్ వాటర్, నీళ్లు, గ్యాస్ తప్ప ఏమీ లేవు. రెండోది క్లబ్ సోడా, అందులో సోడియం బైకార్బొనేట్ కలిపి ఉంది. మూడోది టానిక్ వాటర్, చూడ్డానికి అదీ తెల్లగా నీళ్లలాగే ఉంటుంది, క్వినైన్ చేదు వల్ల తీపి నాలుకకి తెలీదు, కానీ లేబుల్ మీద వంద మిల్లీలీటర్లకి ఎనిమిది గ్రాముల పైనే చక్కెర. అర లీటరు తాగితే నలభై గ్రాములు దాటింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ వీలైతే రోజు మొత్తానికి ఉండాలనే పరిమితి దాదాపు 25 గ్రాములు. ఇక సోడియం అంటారా, ఈయన యూరిన్‌లో ముందే ఎక్కువుంది. సోడియం ఎంత ఎక్కువ పోతే కాల్షియం అంత ఎక్కువ వెంటబెట్టుకుపోతుంది, కాల్షియం రాళ్లున్న మనిషికి అది మంచిది కాదు. క్లబ్ సోడాలో ఉండేది తిండిలో ఉప్పుతో పోలిస్తే కొంచెమే, అయినా రోజుకి లీటర్లలో తాగే మనిషికి కొంచెం కూడా చూసుకోవాలి.

కోలా క్యాన్ గురించి కూడా అప్పుడే తేల్చేశా. నీళ్లుగా చూస్తే అది కూడా లెక్కలోకి వచ్చేదే. కానీ 2013లో దాదాపు 1.94 లక్షల మందిని ఏళ్ల తరబడి ఫాలో అయిన స్టడీలో చక్కెర కోలా రోజుకి ఒకటి, అంతకన్నా ఎక్కువ తాగేవాళ్లకి, వారానికి ఒకటి కూడా తాగనివాళ్లతో పోలిస్తే రాళ్ల రిస్క్ 23 శాతం ఎక్కువ కనపడింది. అదే స్టడీలో కాఫీ, టీ, ఆరెంజ్ జ్యూస్ తాగేవాళ్లలో తక్కువ. టీలో ఆక్సలేట్ ఉంటుంది కదా, మరి టీ ఎలా? అని ఆయనకి అనుమానం. ఈయన తాగేది పాలు పోసిన టీ, పాలలో కాల్షియం ఆ ఆక్సలేట్‌ని పేగులోనే పట్టేసుకుంటుంది, కాబట్టి దాన్ని ముట్టుకోలేదు. కోలా ఒక్కటి మానమన్నా. ఒకేసారి నాలుగు మాన్పిస్తే అయిదోది ఎవరూ వినరు.

గంటగంటకీ అలారం కూడా పెట్టి చూశారు. మీటింగుల్లో మోగుతుంటే చిరాకేసి రెండో రోజుకే తీసేశారు, దాని గురించి ఇంతకన్నా రాయడానికేం లేదు.

దారి దొరికింది ఎక్కడంటే

ఒక చిన్న విషయం నా కంట్లో పడింది. ఆయన పంపిన లేబుల్ ఫోటోలన్నిటిలో బాటిల్ మీద చెమట పట్టి ఉంది, ఫ్రిజ్‌లోంచి తీసినవి. మా దగ్గరికి వచ్చినప్పుడు సంచిలో తెచ్చుకున్న నీళ్ల బాటిల్ మాత్రం స్టీలుది, ముట్టుకుంటే గోరువెచ్చగా ఉంది, పొద్దున నింపింది సాయంత్రం దాకా అలాగే ఉంది, మూత తీస్తే కాస్త వాసన కూడా.

సోడాకీ ఈ నీళ్లకీ ఉన్న తేడాలు మూడు: చల్లదనం, గ్యాస్ చురుకు, కొంచెం పుల్లటి రుచి. ఈ మూడింటిలో ఈయనకి కావాల్సింది ఏది? అది తెలీకుండా సోడా తగ్గించమంటే నీళ్లూ తగ్గిపోతాయి. కాబట్టి ఇంట్లో చిన్న పరీక్ష పెట్టుకోమన్నా. ఫ్రిజ్‌లో పెట్టిన మామూలు నీళ్లు, గ్యాస్ పోయిన సోడా చల్లగా, గ్యాస్ ఉన్న సోడా ఫ్రిజ్‌లో పెట్టకుండా, మూడూ వేర్వేరు రోజుల్లో. ఫోన్ చేసి చెప్పారు, "చల్లటి నీళ్లు మామూలుగానే దిగిపోయాయండి, వెచ్చటి సోడా మాత్రం రెండు గుక్కలు కూడా తాగలేకపోయా." నీళ్లంటే పడకపోవడం కాదు, పొద్దుటి నుంచి బాటిల్‌లో మగ్గిన నీళ్లంటే పడకపోవడం.

ప్లాన్ అప్పుడు మార్చాం. 600 మిల్లీలీటర్ల గాజు బాటిళ్లు మూడు, రాత్రే నింపి ఆఫీసుకి చల్లగా ఉంచే ఫ్లాస్కులో పోసుకెళ్లడం. మధ్యాహ్నం భోజనానికి ముందు ఒకటి, సాయంత్రం లోపు ఒకటి, మూడోది సాయంత్రం నుంచి పడుకునేదాకా కొంచెం కొంచెం. సాదా కార్బోనేటెడ్ వాటర్ భోజనాలతో 250 చొప్పున రెండుసార్లు. కాఫీ, టీ, పాలు యథాతథం. మొత్తం 3100. యాప్ తీసేయించా.

రాత్రి సంగతి దగ్గర కాస్త తర్జనభర్జన పడ్డా. నిద్రలో గంటలకొద్దీ ఏమీ తాగం, యూరిన్ చిక్కబడుతుంది, రాళ్లవాళ్లకి అది రిస్క్ ఉండే సమయమే, అందుకే పడుకునే ముందు తాగమని చెప్తారు. కానీ ఈయన పాత అనుభవం లీటరు తాగి మూడుసార్లు లేవడం. ఒకేసారి అంత పోస్తే ఎండిన కుండీలో బకెట్ గుమ్మరించినట్టే, కింద నుంచి కారిపోతుంది. రక్తం పలచబడగానే వాసోప్రెసిన్ తగ్గిపోతుంది, కిడ్నీ ఎక్కువైన నీళ్లని రెండు గంటల్లో వదిలేస్తుంది, తెల్లవారుజాముకి మళ్లీ చిక్కటి యూరినే. అందుకే పడుకునే ముందు ఒక చిన్న గ్లాసు, ఒకసారి లేవాల్సొచ్చినా ఫర్వాలేదని ముందే ఒప్పందం.

ఇంట్లో చూసుకోడానికి రంగు ఒక్కదాన్నే నమ్ముకోవద్దన్నా, దానికీ కారణం ఉంది. ఆయన రోజూ బి-కాంప్లెక్స్ మాత్ర వేసుకుంటారు, అందులో రైబోఫ్లేవిన్ వల్ల ఎంత తాగినా పసుపు రంగు మెరుస్తూనే ఉంటుంది, అది చూసి హడలిపోయేవారు. దాని బదులు కొలత గీతలున్న ప్లాస్టిక్ జగ్గు ఒకటి బాత్రూమ్‌లో పెట్టించా, వారాంతంలో ఒక రోజు మొత్తం కొలిచి కాగితం మీద రాయడం. ఇంట్లోవాళ్లు ముందు మొహం చిట్లించారట, తర్వాత వాళ్లే "ఇవాళ ఎంతొచ్చింది" అని అడగడం మొదలుపెట్టారట.

మొదట్లో 1.9 దగ్గర ఆడింది. నెల దాటాక 2.3, మళ్లీ ల్యాబ్‌లో 24 గంటల టెస్ట్ చేయిస్తే 2.6 లీటర్లు, సోడియం కూడా తగ్గింది, దానికి మాత్రం సోడా కన్నా తిండిలో ఉప్పు తగ్గించడమే ఎక్కువ పనిచేసింది. రాత్రి ఒకసారే లేస్తున్నారు. మళ్లీ రాయి రాలేదు, కానీ దాన్ని విజయం అనడానికి ఇంకా టైమ్ కాలేదు, ఆ ఇటలీ ట్రయల్ అయిదేళ్లది.

ఈ కేసు తర్వాత నేను మార్చుకున్నవి

మొదటి విజిట్‌లో "ఎన్ని గ్లాసుల నీళ్లు తాగుతారు" అని అడగడం మానేశా. లేచిన దగ్గర్నుంచి పడుకునేదాకా ఏమేం తాగారు, చల్లగా తాగారా, వెచ్చగా తాగారా అని అడుగుతా. సోడా అంటే ఏ సోడా, లేబుల్ చూపించండి అంటా. తాగేవాటిని రెండు వరసల్లో రాస్తా, ఒకటి ఎన్ని నీళ్లు, రెండోది వాటితో పాటు ఒంట్లోకి ఏం వెళ్తోంది. మొదటి వరసలో దాదాపు అన్నీ పాసవుతాయి, గొడవంతా రెండో వరసలోనే. టార్గెట్ యూరిన్‌లో ఉన్నప్పుడు యూరినే కొలిపిస్తా.

పళ్ల గురించి ఒక ముక్క. సాదా సోడా పీహెచ్ నాలుగు, అయిదు మధ్యలో ఉంటుంది, పంటి ఎనామెల్ 5.5 కింద మెత్తబడటం మొదలవుతుంది. వినడానికి భయంగా ఉంటుంది కానీ ఆ కార్బానిక్ యాసిడ్ బలహీనమైనది, భోజనంతో తాగితే దిగులు అక్కర్లేదు. సిట్రిక్ యాసిడ్ కలిపిన ఫ్లేవర్ బాటిళ్లు రోజంతా గుక్కగుక్కగా చప్పరించేవాళ్లని మాత్రం డెంటిస్ట్‌కి చూపించుకోమంటా. రాళ్లవాళ్లలో కొందరికి నిమ్మరసం మంచిదే, సిట్రేట్ కాల్షియంని పట్టుకుంటుంది కాబట్టి, కానీ ఈయనకి సిట్రేట్ ముందే బాగుంది, లేని లోటు పూడ్చడానికి పళ్లు పాడు చేసుకోవడం ఎందుకని చెప్పలేదు.

ఇది చదివి మూడు లీటర్లు మొదలుపెట్టేవాళ్లుంటారని నాకు తెలుసు. గుండె ఫెయిల్యూర్, కిడ్నీ ఫెయిల్యూర్ ఉన్నవాళ్లు, నీరు తీసే మాత్రలు వాడేవాళ్లు, ఎప్పుడైనా రక్తంలో సోడియం 135 కన్నా తగ్గినవాళ్లు, మీ డాక్టర్ని అడక్కుండా ఒక్క గ్లాసు కూడా పెంచొద్దు, మీకు ఈ లెక్క తిరగబడుతుంది. రాయి, జబ్బు ఏవీ లేని మామూలు మనిషికైతే దాహమే చాలావరకు సరిపోతుంది, జగ్గులూ క్యాన్లూ అక్కర్లేదు.

ఆయనకి వచ్చే స్కాన్ ఏడాదికి ఉంది. ఈ మధ్య ఫోన్ చేసి ప్రొటీన్ షేక్ లెక్కలోకి వస్తుందా అని అడిగారు, డబ్బా వెనక లేబుల్ ఫోటో పంపమన్నా, ఇంకా రాలేదు.